డాక్టరు రాయని జబ్బు

రేణు నాయన శేషప్ప గొర్రెలమ్మేసి సూళగిరి పక్కన గ్రానైటు ఫ్యాక్టరీలో చేరి పదహారేండ్లు రాయి కోసినాడు. ఇంటికొచ్చేటప్పటికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నలభై ఆరో ఏట ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రిలో టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో ఏమీ కనిపించకపోయినా రెండుసార్లు కోర్సు మాత్రలు మింగించినారు. తగ్గలేదు. వీధి చివరికి పోవాలన్నా రెండుచోట్ల కూర్చునేవాడు.

2006లో రేణు హోసూరులో మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరింది. అమెరికా డాక్టర్లు రాసిన కాగితాలు చదివి ఒక్కో జబ్బుకూ దాని నంబరు వెయ్యడం పని. మూడోవారం ఊపిరితిత్తుల పాఠం వచ్చింది. బొగ్గుపొడి పీల్చి వచ్చే జబ్బుకు 500, ఆస్‌బెస్టాస్‌కు 501, రాతిపొడికి 502. ఆ మూడోదాని లక్షణాలు రేణు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. అన్నీ నాయనకు ఉండేవే.

శనివారం నాయనను, ఎక్స్‌రేలను తీసుకుని డాక్టరు దగ్గరికి పోయింది.

"ఇది టీబీ కాదు సార్, రాతిపొడి. నాయన చేసిన పని కూడా చీటీలో రాయండి."

డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చాలాసేపు చూసినాడు. "నిజమే కావచ్చమ్మా. కానీ నేను రాస్తే ఫ్యాక్టరీవాళ్లు నన్ను కోర్టుకీడుస్తారు. ముందు ఆడ పనిచేసినట్టు లెటర్ తీసుకురా."

ఫ్యాక్టరీ మేస్త్రీ సోమప్ప, శేషప్పతో పదేండ్లు ఒకే క్యారియర్‌లో తిన్నవాడు. లెటర్ కోసం పోయిన ఇద్దరినీ గేటు దగ్గరే నిలబెట్టి, "రిజిస్టర్లో నీ పేరు లేదు శేషప్పా, నేనేం చేసేది?" అన్నాడు, మొహం చూడకుండా.

రేణు నోరు తెరిచేలోగా శేషప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోదాం పామ్మా. వానికీ బిడ్డలుండారు."

మరుసటి ఏడాది శేషప్ప పోయినాడు. సర్టిఫికెట్లో టీబీ అనే రాసినారు.

దినాలు ముగించి రేణు పనికొచ్చిన వారానికే ఒక కాగితం చేతికొచ్చింది. అమెరికాలో ఇరవై ఏండ్లు రాయి కోసిన మనిషి. దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు. జబ్బు పేరు మాత్రం డాక్టరు రాయలేదు. రేణు 502 వేసింది.

సాయంత్రం, వేసిన నంబర్లు సరిచూసే ఆడిటర్ హేమంత్ పిలిచినాడు. "డాక్టరు రాయనిది మనం వెయ్యకూడదు. దగ్గు అని ఉంది, దగ్గు వెయ్యి."

"ఆయనకుండేది వట్టి దగ్గు కాదు సార్."

"నీకెట్ల తెలుసు? నువ్వేమన్నా డాక్టరువా?"

రేణు తన సీటుకొచ్చి కూర్చుంది. ఆ మనిషి పేరు ఒకటికి రెండుసార్లు చదివింది, నోరు తిరగలేదు. 502 కొట్టేసి దగ్గు నంబరు వేసింది.

రెండేండ్లకు ఆమే ఆడిటర్ అయింది. ఆమె చెయ్యిపడిన కాగితంలో తప్పు దొరకదని ఆఫీసులో పేరు.