సిరిల్ ఆస్క్యూ ఇసుక సంచులు

సిరిల్ ఆస్క్యూ ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ పల్లెదారుల్లో పాల ట్యాంకరు నడిపాడు. సగం నిండిన ట్యాంకరుకు ఒక దుర్గుణం ఉంది. డ్రైవరు బండిని ఆపినా లోపలి పాలు ఆగవు. ముందుకు పొంగివచ్చి బండిని వెనకనుంచి తోస్తాయి. ఆ తోపును లెక్కచేయనివాడు మొదటి చలికాలంలోనే ఏదో ఒక కంచెలో తేలతాడు. సిరిల్ ఎన్నడూ తేలలేదు. అతని కాలికింద గుడ్డు పెట్టినా పగలకుండా బ్రేకు వేయగలడని తోటి డ్రైవర్లు చెప్పుకొనేవారు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. డెబ్బై నాలుగో ఏట అతని మీద వచ్చిన అభియోగం సరిగ్గా ఆ కాలి మీదనే వచ్చింది.

వారమంతా అంత బరువు లాగినవాడు కనుకనేమో, సెలవురోజుకు అతి తేలికైన బండిని ఎంచుకున్నాడు. పాతకాలపు పందెపు కార్ల తీరులో ఉండే ఆ బండికి తలుపులు లేవు, పైకప్పు లేదు. ఇనుప గొట్టాల చట్రం, దానిమీద అల్యూమినియం రేకు, పొడవాటి ముక్కు, ఒంటికి అంటీముట్టనట్టు బయట నిలిచిన చక్రాలు. కూర్చున్నవాడు చేయి జారవిడిస్తే వేళ్లకు రోడ్డు తగులుతుంది. విడిభాగాలు తెచ్చి, ఇంటి పక్క షెడ్డులో రెండు చలికాలాలు శ్రమించి, తానే కూర్చుకున్నాడు. జంట కార్బురేటర్లను సరిచేసేటప్పుడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకొని, రెండో కొసను ఒకదాని నోటి దగ్గరా మరొకదాని నోటి దగ్గరా మార్చి మార్చి పట్టేవాడు. రెండూ ఒకే తీరున బుసకొట్టేదాకా మర తిప్పుతూనే ఉండేవాడు. అంతసేపూ చప్పుడవుతుందని భార్య మావిస్ వంటింట్లో టీకి నీళ్లయినా పెట్టకూడదు.

మా క్లబ్బులో బరువు ఒక మతం వంటిది. కొండదారిన ఒక్కొక్క బండినీ విడిగా వదిలి, పైకి చేరిన కాలం కొలిచే పందెం మాది. ఇక్కడ మోసుకుపోయే ప్రతి పిసరుకూ మూల్యం చెల్లించవలసిందే. అందుచేత మావాళ్లు బోల్టులకు బెజ్జాలు వేస్తారు, రంగు గీకేస్తారు, పందెం ముందు జేబులోని తాళంచెవులు భార్యల చేతికిస్తారు. ఈ భక్తిని చూసి అందరికన్నా ఎక్కువగా నవ్వినవాడు సిరిలే. మాంసం కొట్టు పార్మింటర్ తేలికపాటి బోల్టులు తెప్పించి అందరికీ చూపిస్తున్నప్పుడు, "బోల్టుదేముందిలే పార్మింటరూ, పొద్దున తినే పంది మాంసం రొట్టె ఒకటి మానెయ్యి, బండి తనంతట తానే కొండెక్కుతుంది" అన్నాడు. పార్మింటర్ కూడా నవ్వాడు. ఆనాడు సిరిల్ కూడా మంచి ఒళ్లున్న మనిషే.

ఏటా వసంతంలో, మొదటి పందేనికి ముందు, అందరం బండిని తూకానికి కూర్చోబెడతాం. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతున్నదో చూసి, స్ప్రింగుల కింది మరబిళ్లలు తిప్పి సరిచేసుకుంటాం. ముందు చక్రాలు రెండింటి మీదా భారం సమానంగా లేకపోతే, బ్రేకు వేసినప్పుడు తేలికగా ఉన్న చక్రం ముందుగా బిగుసుకొని జారుతుంది. డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు గనుక తూకంలో అతని బరువు కూడా ఉండాలి. అయితే మరబిళ్ల తిప్పవలసినవాడూ అతడే. కాబట్టి సీట్లో అతనికి బదులు ఇసుక సంచులు కూర్చుంటాయి. సిరిల్ సంచులను మావిస్ పాత పరుపుగుడ్డతో కుట్టింది. బండి తయారైన ఏడాది, హెల్మెట్టుతో బూట్లతో సహా అతణ్ణి తూచి, అంత ఇసుక నింపి, మూతులు కుట్టేసింది. ఆ తర్వాత ఏటా ఆ సంచులే సీటెక్కాయి. సిరిల్ మళ్లీ కాటా ఎక్కలేదు.

ఒక చలికాలం అతనికి కడుపులో శస్త్రచికిత్స జరిగింది. బతికి బయటపడ్డాడు గాని ఆకలి తిరిగి రాలేదు. మరుసటి వేసవిలో పందేలకు వచ్చినప్పుడు అంతా చేయి కలిపి, రంగు తేరావన్నారు. తేరలేదు. ఆ ఏడు రెండు పందేల్లోనూ, డెయిరీ పొలం పక్కన కుడివైపు తిరిగే మలుపులో తడిరోడ్డు మీద బ్రేకు వేయగానే అతని బండి ఎడమకు లాగి, రోడ్డు దిగి గడ్డిలోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

క్లబ్బు అధ్యక్షుడు జెరాల్డ్ ప్రొథెరో దయలేనివాడు కాడు. పందెం ముందు బండ్లను పరీక్షించి అనుమతించే పని నాది కనుక నన్ను పక్కకు పిలిచి మాట్లాడాడు. బండి ఎప్పటిదే, మారింది మనిషి. ఆ కాలు ముసలిదైంది, అదను తెలియక తొక్కేస్తున్నదని కమిటీలో అనుకుంటున్నారన్నాడు.

"సిరిల్ మనవాడే, కాదనను. కానీ మూడోసారి గడ్డి దాటిపోతే అవతల మనుషులుంటారు. నీ పరీక్షలో బండి బాగుందని తేలితే, ఇక నడపొద్దని నేనే చెప్పాలి."

ఆ భయం న్యాయమైనదే. అయితే కాలు ముసలిదైందనడానికి వయసు తప్ప వేరే సాక్ష్యం ఎవరూ చూపలేదు. నేను బండి చూశాను. బ్రేకులు నిర్దోషంగా ఉన్నాయి. టైర్లలో మాత్రం కుడివైపు ముందుది ఒక్కటే ఒకచోట పలకలా అరిగింది. కాలు మోటుగా తొక్కి ఉంటే ముందు టైర్లు రెండూ అరగాలి. తర్వాత సీటు బెల్టులు చూశాను. పట్టీలు చివరిదాకా బిగించి ఉన్నాయి. అవి చాలక సీటు వీపుకు మడతపెట్టిన దుప్పటి ఒకటి ఆన్చి ఉంది. ఆ దుప్పటి చూశాక నాకు చాలా మట్టుకు అర్థమైంది. అయినా అనుమానాన్ని తీర్పుగా చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ శనివారం మధ్యాహ్నం నేను వస్తాననీ, బండిని కాటాల మీద పెట్టి ఉంచమనీ సిరిల్‌కు చెప్పాను.

నేను వెళ్లేసరికి షెడ్డులో అంతా సిద్ధం చేసి ఉంచాడు. బండి కాటాల మీద ఉంది, సంచులు సీట్లో ఉన్నాయి. గోడనున్న అంకెల పెట్టెలో ముందు చక్రాల బరువులు రెండూ సమానంగా కనబడుతున్నాయి. మావిస్ తలుపు దగ్గర ఎప్రానుకు చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"నిన్ను బండి చూడ్డానికి పంపారా, నన్ను చూడ్డానికా?" అని అడిగాడు సిరిల్.

రెంటినీ చూడడానికే వచ్చానన్నాను.

"అయితే చూసుకో. వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పు. బండి నిక్షేపంగా ఉందంటే ఇక మిగిలింది నా కాలేగా. అదే కదా మీ ప్రొథెరోకి కావలసింది."

తూకం బాగున్నదని ఒప్పుకొన్నాను. ఆ తర్వాత, సంచులు దింపి, హెల్మెట్టూ బూట్లూ వేసుకొని వచ్చి కూర్చోమన్నాను. అతను కదల్లేదు. ఇన్నేళ్లుగా ఇదే పద్ధతి అనీ, క్లబ్బంతా సంచులతోనే తూస్తుందనీ, తనకొక్కడికే కొత్త నియమం ఎందుకనీ వాదించాడు. వాదంలో తప్పులేదు. గొంతులో మాత్రం భయం ఉంది.

"సంచులు దింపు, సిరిల్" అంది మావిస్.

"సంచులంటే నేనే గదా. తూచి కుట్టింది నువ్వేనాయె."

"నేను కుట్టింది అప్పటి నిన్ను."

చివరికి సిరిల్ సంచులు ఒక్కొక్కటే దింపాడు. చివరి సంచి ఎత్తలేక ఆగినప్పుడు నేను చేయి వేయబోయాను. మావిస్ కళ్లతోనే వద్దంది. దాన్నీ అతనే దింపాడు. హెల్మెట్టు పెట్టుకొని, చట్రం మీదుగా కాలు వేసి సీట్లోకి జారాడు. అక్కడినుంచి అంకెల పెట్టె అతనికి కనబడదు. స్టీరింగు పట్టుకొని ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నాడు.

కుడివైపు ముందు చక్రం తేలిపోయింది. మరీ పెద్ద తేడా కాదు. మామూలు కారులోనైతే ఎవరికీ తెలియదు. కాని బోల్టుకు బెజ్జం వేసి తేలికపరిచే ఇలాంటి బండిలో, అందులోనూ తడిరోడ్డు మీద కుడికి తిరిగే మలుపులో, ఆ చక్రం బిగుసుకోవడానికీ బండి ఎడమకు లాగడానికీ అంత తేడా చాలు. లేని మనిషి బరువుకు సరిచేసిన బండిని ఉన్న మనిషి నడిపాడు.

మావిస్ అంకెలు పైకి చదివింది. రెండోసారి మెల్లగా చదివింది.

"వచ్చే వేసవికి ఒళ్లొస్తుందనుకున్నా" అన్నాడు సిరిల్, గోడకేసే చూస్తూ. "ఇసుక తీసేస్తే ఇక రాదని ఒప్పుకున్నట్టేగా."

"వస్తే మళ్లీ నింపుదాం. ఇసుకకేమన్నా కరువొచ్చిందా?" అంది మావిస్.

తర్వాత ఆమె ఇంట్లోంచి కత్తెర తెచ్చి, తాను వేసిన కుట్లను తానే విప్పింది. సంచుల్లోంచి ఇసుక ఎంత తీయాలో చూడడానికి ఈసారి ముందు సిరిల్ తానే ఒక కాటా మీద నిలబడ్డాడు. ఆ సాయంత్రమంతా కొక్కెపు స్పానరుతో మరబిళ్లలు తిప్పుతూ, సంచులు ఎక్కిస్తూ, దింపుతూ గడిపాడు. చేతిలో స్పానరు పడ్డాక అతను పాత సిరిలే. నేను అడ్డం నిలబడి వెలుతురు ఆపుతున్నానని ఒకసారి కసిరాడు కూడా.

నా నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశాను. లోపం కాలిది కాదు. అయితే పందెంలో దిగేవాడు తన బరువు తెలుసుకోకుండా బండిని సరిచేయడం నిర్లక్ష్యమే, దానికి జబ్బు కారణం కావచ్చు గాని సంజాయిషీ కాదు. పందెం ఉదయం ముందుగా ఒక్కడే కొండ ఎక్కి చూపాలి, ఆ తర్వాతే అనుమతి. సిరిల్‌కు చదివి వినిపించినప్పుడు నిర్లక్ష్యమన్న మాట దగ్గర ముఖం ముడుచుకున్నాడు, కాని కొట్టేయమని అడగలేదు.

ఆ ఉదయం చినుకులు పడుతున్నాయి. ప్రొథెరో, నేను డెయిరీ మలుపు దగ్గర గొడుగు కింద నిలబడ్డాం. కింద ఇంజను హోరు లేచింది, చెట్ల వెనక గేరు మారింది, పొడవాటి ముక్కు మలుపులోకి వచ్చింది. బ్రేకు పడింది. నేను కుడి చక్రాన్నే చూస్తున్నాను. అది ఆగలేదు, జారలేదు, తిరుగుతూనే నెమ్మదించింది. బండి రోడ్డును అంటిపెట్టుకొని కుడికి తిరిగి, నీళ్లు చిమ్ముకుంటూ పైకి పోయింది. వేగంలో గొప్ప ఏమీ లేదు. తర్వాత జరిగిన పందెంలో కూడా అతని వెనక ఇద్దరే నిలిచారు.

ప్రొథెరో చాలాసేపు ఆ తడిరోడ్డు కేసి చూశాడు. "నడపమను" అన్నాడు.

మరుసటి వసంతం తూకానికి పార్మింటర్ తన సంచులు మోసుకొచ్చాడు. సిరిల్ తన షెడ్డులోని కాటా ఒకటి పట్టుకొచ్చి అతని కాళ్ల ముందు పెట్టాడు.

"సంచులు తర్వాత. ముందు నువ్వెక్కు."

"నేనెందుకు? నేను ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాగా."

"నేనూ అదే అన్నా" అన్నాడు సిరిల్. "ఎక్కవయ్యా. ఎంతున్నా పైకి చదవనులే."