లాకుల బ్యాచ్‌లో నాలుగో మనిషి

కోనసీమ కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, 2023 నవంబరు. నేను ప్రొబేషన్ ఆఫీసర్‌ని. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఏదైనా కేసులో పట్టుబడితే వాళ్ల ఇంటికి, కాలేజీకి, తిరిగే చోట్లకి వెళ్లి, ఇక్కడిదాకా ఎలా వచ్చారో తెలుసుకుని జువెనైల్ జస్టిస్ బోర్డుకి చెప్పడం నా పని. బోర్డంటే పిల్లల కేసులు వినే కోర్టు లాంటిది. ఈ కేసులో పిల్లల పేర్లు మార్చి రాస్తున్నాను.

అమలాపురంలో రెండు బ్యాచ్‌ల మధ్య గొడవ జరిగి ఒక కుర్రాడి చెయ్యి తెగింది. కాలవ నీళ్లు ఆపే లాకుల దగ్గర సాయంత్రాలు కూర్చుంటారని ఒక జట్టుకి లాకుల బ్యాచ్ అని పేరు. అందులో ముగ్గురు దొరికారు. కత్తి మాత్రం దొరకలేదు.

"ఏ పేటోళ్లో చూడండి మేడం గారూ, సగం కేసు అక్కడే తేలిపోద్ది" అన్నారు కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్.

చూశాను. తేలలేదు. సతీష్ తండ్రి అంతర్వేది వైపు చేపల పడవ మీద పనికి వెళతాడు. రెండోవాడి నాన్నకి మలికిపురంలో కొబ్బరి వ్యాపారం, మేడ ఉంది. మూడోవాడిది కె.గంగవరం దగ్గర రైతు కుటుంబం. పదో తరగతిలో స్కూలు ఫస్టు. కులాలు వేరు, దేవుళ్లు వేరు, చేతిలో ఫోన్ల ఖరీదులు కూడా వేరు. గ్యాంగులో చేరేది తండ్రి లేనివాడో, చదువు మానేసినవాడో, పూట గడవనివాడో అని శిక్షణలో మాకు చెప్పిన మాట ఈ ముగ్గురిలో ఒక్కడికీ అతకలేదు.

అబ్జర్వేషన్ హోమ్‌లో, అంటే విచారణ తేలేదాకా పిల్లల్ని ఉంచే చోట, సతీష్‌తో మాట్లాడాను. పదహారేళ్లవాడు. ఎంత అడిగినా తల ఎత్తలేదు. నేను లేచి బయల్దేరుతుంటే అప్పుడు నోరు విప్పాడు.

"మేడం గారూ, ఇవాళ అక్క పరీక్షకెళ్తందండి. వెళ్లద్దని చెప్పండి. అవతలి బ్యాచోళ్లు గేటు కాడ కాస్తారండి."

"ఎవరా అక్క? మీ ఇంట్లో ఆడపిల్లలు లేరుగా?"

"కెజియా అక్కండి. ఇంటర్ రెండో సంవత్సరం."

"మీ ఫ్రెండా?"

"ఫ్రెండ్ కాదండి. మాలో ఒకళ్లండి."

అప్పటిదాకా ఈ కేసులో ఆడపిల్ల ఉందని ఎవరూ అనలేదు. అడగనూ లేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, కాలేజీ దగ్గరికి మనిషిని పంపమని చెప్పి ఆటో ఎక్కాను. సతీష్ చెప్పిన గుర్తుల ప్రకారం దారిలోనే కెజియా ఇల్లు. ఒకవేళ ఇంకా బయల్దేరలేదేమోనని ఆశ.

తలుపు తీసింది ఆమె తల్లి, మేరీ రత్నం గారు. స్కూల్ టీచరు. ఆమె తాత కూలికి వెళ్లినవాడట. ఇప్పుడు ఇంట్లో అందరివీ ఉద్యోగాలే. గోడ నిండా డిగ్రీ పట్టాలు తీసుకుంటున్న ఫోటోలు. లాకుల బ్యాచ్ కేసులో అమ్మాయి కోసం వచ్చానని చెప్పాను.

"మా అమ్మాయికీ ఆ బ్యాచ్‌కీ ఏం సంబంధమండీ? చదువుకున్న కుటుంబమండీ మాది."

"సంబంధం సంగతి తరవాత చూద్దామండీ. అమ్మాయెక్కడుంది?"

"పొద్దున్నే పరీక్షకెళ్లింది." నా మొహం చూసి ఆమె గొంతు మారింది. "ఏమైందండీ?"

చెప్పాను. ఆమె చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఆటో ఎక్కేశారు. దారిపొడుగునా కూతురికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. స్విచాఫ్.

మేం దిగేసరికి పరీక్ష వదిలారు. పిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. గేటుకి ఎదురుగా రోడ్డవతల మూడు బైకులు, వాటి మీద ఐదారుగురు కుర్రాళ్లు. పోలీసులింకా రాలేదు. గుంపులోంచి ఒక బక్కపల్చని అమ్మాయి బయటికొచ్చి, బైకుల్ని చూసి ఆగిపోయింది. కుడిచెయ్యి భుజానున్న బ్యాగులోకి వెళ్లింది. ఒక కుర్రాడు బైకు దిగి రోడ్డు దాటడం మొదలెట్టాడు.

నేను గబగబా ఆమె పక్కకి చేరాను.

"సతీష్ పంపితే వచ్చేనమ్మా. వెనక్కి తిరిగి లోపలికి నడు. పరుగెత్తకు."

కదల్లేదు. కళ్లు వాడి మీదే ఉన్నాయి. బ్యాగులో వేళ్లు దేన్నో బిగించి పట్టుకుంటున్నట్టు తెలుస్తోంది. వాడు మా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడం, మీరు తప్పుకోండి. ఆ అమ్మాయితో మాకు మాటుంది."

"నా ముందే మాటాడు బాబూ."

"మా వోడి చెయ్యి పన్జేస్తదో లేదో తెలీదు. మీరు తప్పుకోండి!"

"కెజియా!" వెనక నుంచి తల్లి అరుపు.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి అటు తిరిగింది. బ్యాగులోంచి చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. రెక్క పట్టుకుని గేటు లోపలికి లాగాను. తల్లి మా వెనకే దూరారు. వాచ్‌మన్ గేటు మూసి గడియ వేశాడు. ఆ కుర్రాడు కమ్ముల్ని కాలితో తన్ని, కాసేపు అక్కడే నిలబడి, పోలీసు జీపు మలుపు తిరగడం చూసి వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్ గదిలో మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. మంచినీళ్లు తాగాక కెజియా తనంతట తనే బ్యాగు తెరిచి ఒక మడతకత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజుది ఇదేనండి. నేనే తీసుకెళ్లేను, నేనే సతీష్‌కిచ్చేను. మళ్లీ నేనే తెచ్చేసేను. ఆడపిల్ల బ్యాగు ఎవరూ తెరవరు కదండీ."

మేరీ రత్నం గారు కత్తిని చూడలేదు. కూతుర్నే చూస్తున్నారు.

"నీకేం తక్కువ చేసేమే?"

"తక్కువేం చెయ్యలేదమ్మా. ఫస్టియర్లో బస్సులో ఒకడు రోజూ ఏడిపిస్తున్నాడని చెప్పేను, గుర్తుందా? బస్సు మార్చుకోమన్నారు. మార్చుకున్నాను. వాడూ అదే బస్సుకి మారేడు. సతీష్ వాళ్లకి చెప్పేను. వచ్చేరు. తరవాత వాళ్లు పిలిస్తే నేను వెళ్లేను."

కాసేపటికి తల్లి నన్ను వసారాలోకి తీసుకెళ్లి చేతులు పట్టుకున్నారు.

"అమ్మాయి పేరు ఎక్కడా లేదు కదండీ. కత్తి కాలవలో పారేద్దాం. మీరూ ఆడపిల్లల తల్లే అనుకుంటాను."

"ఆయ్, నాకూ కూతురుందండీ. కానీ పారేస్తే రేపు వాళ్లు మళ్లీ గేటు దగ్గరికొస్తారు. అప్పుడు అమ్మాయి మళ్లీ లాకుల దగ్గరికే వెళ్తుంది. చెప్పేస్తే తప్పు చేసిందంటారు, నిజమే. కానీ ఎందుకు చేసిందో బోర్డు ముందు చెప్పడానికి నేనుంటాను."

ఆమె చాలాసేపు ఏడ్చారు. తరవాత మొహం కడుక్కుని లోపలికెళ్లి, "పదవే, నేనూ వస్తాను" అన్నారు. బయట జీపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నారు. కత్తిని ఆయన చేతిలో పెట్టింది మేరీ రత్నం గారే.

బోర్డు నలుగురి కథా విడివిడిగా వింది. పిల్లల్ని తల్లిదండ్రుల పూచీ మీద ఇళ్లకి పంపి, కొంతకాలం నా పర్యవేక్షణలో ఉంచింది. గొడవలో చెయ్యి తెగిన కుర్రాడికి రెండు వేళ్లు సరిగా ముడుచుకోవు. సతీష్ వాళ్ల నాన్నతో కలిసి వెళ్లి అతన్ని చూసొచ్చాడు, అతను మాట్లాడలేదు. కెజియా ఇంటర్ పాసయింది. రెండో బ్యాచ్ ఏమీ మాయమైపోలేదు. వాళ్లలో కొందరు ఆ తరవాత వేరే కేసుల్లో నా దగ్గరికే వచ్చారు.

గ్యాంగుల్లో ఎలాంటి ఇళ్ల పిల్లలు చేరతారండీ అని సమావేశాల్లో నన్ను అడుగుతుంటారు. పేదరికం లెక్కలోకి రాదని నేననను. పేద పిల్లలే ఎక్కువ దొరుకుతారు, ఎక్కువ కాలం లోపలుంటారు. కానీ దొరికినవాళ్లే చేరినవాళ్లందరూ కాదు. మేడ ఉన్నవాడూ, స్కూలు ఫస్టు వచ్చినవాడూ, ఆడపిల్లా మనం వెతకని చోట ఉంటారు. ఆ ఏడాది నుంచి కొత్తగా వచ్చిన ఏ పిల్లనైనా, పిల్లాణ్నైనా ఊరూ పేరూ అడిగే ముందు ఒకటే అడుగుతున్నాను: "నీకు భయమేస్తే ఎవరికి చెప్తావు?" జవాబు కోసం తొందరపెట్టను, ఆగుతాను.