బర్రె దిద్దిన చెరుకు పాఠం

మా మామ గొంతు ప్లేటులోకి ఎక్కిందంటే బాన్సువాడలో సగం మంది నమ్మలేదు, మిగతా సగం కుళ్ళుకున్నారు. కాలువ నీళ్ళు కొత్తగా వచ్చి, చెరుకు ఎట్లా వేయాలో ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి. మామ చేను బాగా పండేది. ఊరూరికీ పోయి ఆ పద్ధతి చెప్పి చెప్పి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పుడు వ్యవసాయం సాబు ఒకాయన వచ్చి, మామను పట్నం తీసుకుపోయి, గ్రామఫోను ప్లేటు కోసం మాట్లాడించాడు. ఇక నీ బదులు ప్లేటే ఊళ్ళు తిరుగుతుంది, నువ్వు అరుగు మీద కూర్చో అన్నాడట. చదువు రాని మనిషి మామ. తాను పోయినా తన మాట ఉంటుందని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

నమూనా ప్లేటు తయారయ్యాక సాబు దాన్ని మా వాకిట్లోనే వినిపించాడు. మగవాళ్ళు వాకిట్లో, మా అత్తా, కోడలినైన నేనూ, మిగతా ఆడవాళ్ళమూ తలుపు వెనక. పెట్టెలోంచి మామ గొంతు లేచింది. సర్కారుకు దండం పెట్టాడు. తాలూక్దారుకు, తహసీల్దారుకు, పటేలుకు, పట్వారీకి పెట్టాడు. బావలకు, బామ్మర్దులకు, వియ్యంకులకు, కాలువ తవ్వినవాళ్ళకు, చివరికి ఎద్దుల జత అమ్మినవాడికి కూడా పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని "ఇగ చెరుకు సంగతి ఏందంటే" అన్నాడు. అంతే, ముల్లు గరగరమన్నది. ప్లేటు అయిపోయింది. ప్లేటుకు పట్టేది మూడు నిమిషాల మాటే మరి.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సాబు మంచివాడే. "బాగుందని చెప్పొద్దు. లోటేందో చెప్పుండ్రి, దాన్ని ఎట్ల దిద్దాల్నో గూడ చెప్పుండ్రి. ఇంకొక్కసారి పట్టిస్తం. అప్పుడు గూడ కుదరకుంటే పట్నంల ఒక పంతులున్నడు, ఆయనతోని చదివిస్తం," అన్నాడు. చెరుకును సంతలో తప్ప ఎరగని పంతులు తన పాఠం చెబుతాడనేసరికి మామ ముఖం వాడిపోయింది. "చెప్పుండ్రి, నేనేం అనుకోను," అని అందరినీ బతిమాలాడు.

మామ మొహం మీద లోటు చెప్పే మొనగాడు ఆ ఊళ్ళో ఎవరున్నారు? కాసేపు అందరూ మస్తుగున్నదన్నారు. సాబు వదలకపోతే ఒకాయన లేచి, "లోటంటే, మా బావ పేరు ముందల చెప్పి నా పేరు ఎనుక చెప్పిండు," అన్నాడు. మా తండా పేరే రాలేదని ఇంకొకాయన. మేనమామను మరిచినవేందని ఇంకొకాయన. సాబు తల పట్టుకున్నాడు. మామ మాత్రం అందరికీ తలాడించి, ఈసారి ఆ పేర్లు కూడా కలుపుతానని మాటిచ్చాడు!

ఇక నేనే చెప్పాలి. కానీ మా ఇంట్లో కోడలు మామ ఎదుట నోరు విప్పదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే పిల్లితోనో రోకలితోనో, ఆయన చెవిన పడేట్టు చెప్పాలి. ఆయన విననట్టే వింటాడు. నాకు కొట్టంలో బర్రె ఉంది. మర్నాడు మామ బయట కూర్చుని పలుపుతాడు పేనుతుంటే, కుడితి పెడుతూ అన్నాను: "ఏమే, వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు దండాలు పెట్టుకుంటనే ఉంటే ఇగ పాలెప్పుడిస్తవే?"

బయట తాడు పేనడం ఆగింది. మామ గొంతు వినిపించింది, బర్రెతోనే. "దండం పెట్టకపోతే మంది ఏమనుకుంటరే?"

"పాలిచ్చే బర్రెను ఎవలేమంటరే," అన్నాను, దాని వీపు రుద్దుతూ.

అట్లా మొదలైంది. రోజూ మామ కొట్టం ముందు నిలబడి బర్రెకు చెరుకు పాఠం అప్పజెప్పేవాడు. సాగదీస్తే నేను దాన్ని కసిరేదాన్ని. బాగుంటే గడ్డి వేసేదాన్ని. నాటే ముక్కలు, అదే ముచ్చెలు, ఎట్లా కోయాలి, వాటి కన్నులు ఏ పక్కకు ఉండాలి, మట్టి ఎప్పుడు ఎగదోయాలి, అన్నీ ఒక్కొక్కటిగా కుదురుకున్నాయి. దండాలన్నీ ఎగిరిపోయాయి. మా అత్తకు మాత్రం ఇది పిచ్చిగా తోచింది. "దానికెందుకు చెప్తరు చెరుకు సాగు? అది తినేటిదే గదా!" అనేది. మధ్యలో మూడు రోజులు నేను ఇంటికి దూరంగా కూర్చోవలసి వచ్చింది. మామ పాఠం ఆగలేదని అత్త విసుక్కుంటుంటే విన్నాను.

మామ మళ్ళీ పట్నం పోయి వచ్చాడు. రెండో ప్లేటు తెచ్చి సాబు వాకిట్లో పెట్టాడు. ఈసారి మొదటి మాటే చెరుకు. ఎంత శుభ్రంగా చెప్పాడో! లోట్లు చెప్పమని సాబు అడిగాడు. ఒక్కరి పేరూ లేదని వాకిలంతా ముఖం ముడుచుకుని కూర్చుంది.

మామ లేచి తలుపు వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్పు. ఎట్లున్నదో నాతోనే చెప్పు," అన్నాడు.

అత్త నా చేయి గిల్లింది. అయినా నా నోరు ఆగలేదు. "అంత బాగనే ఉన్నది మామా. చెరుకు కొట్టే ముందల నీళ్ళు బంద్ జెయ్యాలన్న మాట ఏది? చెయ్యకుంటే బెల్లం గడ్డ కట్టదు గదా!" అన్నాను. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక మామతో ఎదురుగా నేను చెప్పిన మొదటి మాట అది.

అది ఆయనకు తెలియని సంగతి కాదు. "గది నువ్వే వద్దంటివి గదా బిడ్డా?" అన్నాడు. "నేనెప్పుడన్న?" అన్నాను. "నువ్వు దూరం కూసున్న దినాలల్ల. గా మాట దగ్గరికి రాంగనే బర్రె తలకాయ అడ్డంగ ఊపింది. నువ్వే నేర్పిపోయినవనుకున్న."

సాబు మామను చూశాడు, తలుపును చూశాడు, కొట్టాన్ని చూశాడు. మూడోసారి పట్టించడం కుదరదని, ప్లేట్లు తయారవుతున్నాయని మెల్లగా చెప్పాడు.

"అట్లయితే నేనే పోత," అన్నాడు మామ.

నిజంగానే పోయాడు. తిరగనవసరం లేకుండా చేసిన ప్లేటు వెంట, ఆ ఒక్క మాట కోసం, మోకాళ్ళకు ఆముదం రాసుకుని బండిలో రుద్రూరు పోయాడు, బిచ్కుంద పోయాడు, పిలిచినా పిలవకపోయినా పోయాడు. పెట్టె ఆగగానే లేచి నిలబడి నీళ్ళ సంగతి చెప్పేవాడట. ఇంట్లో మాత్రం ఆ తర్వాత కూడా నాతో మాట్లాడింది తక్కువే.

నా పుట్టిల్లు బిచ్కుంద. ఒకసారి మా అమ్మ బాన్సువాడ అంగడికి వచ్చి, నన్ను చూడవచ్చి, వచ్చీరాగానే ఏడవడం మొదలుపెట్టింది. ఏమైందోనని హడలిపోయాను. "మీ మామ మా ఊరికొచ్చిండే. గంత మందిల నిలబడి, గీ మాట నాది కాదు, మా కోడలు చెప్పిందన్నడు," అన్నది. నాకూ కళ్ళు నిండాయి. నువ్వు ఇన్నేళ్ళూ నీ మాటలు ఎవరితో చెప్పుకున్నావమ్మా అని అడిగాను.

అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"పొయ్యితోని బిడ్డా," అన్నది.