క్యారియర్ మీది పరుపుచుట్ట

నాచారం ఫ్యాక్టరీలో నౌకరీ చేసినన్నాళ్లూ సైకిలే నా బండి. రిటైరయ్యాక, మేడిపల్లి అవతల మిత్రుడి తోటలో ఒక రాత్రి గడిపి రావాలని పరుపుచుట్ట, దోమతెర, స్టవ్వు క్యారియర్‌కు కట్టి బయలుదేరాను. ఉప్పల్ చౌరస్తాలో మా బావమరిది ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

“అక్కతోని లొల్లయిందా బావా? బిస్తరు కట్టుకొని ఎటు పోతున్నవ్?”

“క్యాంపింగ్‌కు పోతున్న. హ్యాండిల్ ఇడువు!”

“గీ వయసుల క్యాంపింగేంది? నిజం జెప్పు.”

అక్కడికక్కడే మా ఆవిడకు ఫోన్ చేశాడు. “నేను వద్దన్నా ఇనకుండ పోయిండు” అందామె స్పీకర్‌లో. ఇంకేం, మూగిన జనమంతా నాకు సంసారం గురించి బుద్ధులు చెప్పి, సైకిల్‌తో సహా ట్రాలీ ఆటో ఎక్కించి ఇంటికి పంపారు.

అలగని మనిషికి అలక అంటగట్టినందుకు ఆ రాత్రి నిజంగానే అలిగి, మా డాబా మీదే దోమతెర కట్టుకుని పడుకున్నాను.

మళ్లీ వెళ్తాను. ఈసారి పరుపును గోనెసంచిలో కుట్టేస్తాను. చూసినవాళ్లు బియ్యమనుకుంటారు.