సూదితోక పక్షి

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో ఉండగా, తిరువూరులో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా గాలివాన కొట్టింది. అది వెలిసిన పొద్దున మా పెరట్లో ఓ నల్లటి పక్షి పడి ఉంది. కాళ్లు ఎంత చిన్నవంటే, విరిగిపోయాయేమో అనుకున్నాను.

మాతోనే ఉండే మేనత్త హైస్కూల్లో సైన్సు టీచరు. పక్షులంటే ప్రాణం. దాన్ని చేతుల్లోకి తీసుకుని, తెల్లటి గొంతు, వెండిరంగు వీపు, తోక చివర సూదుల్లాంటి మొనలు నాకు చూపించింది. ఎక్కడో ఉత్తరాది కొండల్లో ఉండే స్విఫ్ట్ అనే జాతి పక్షి అట. గాల్లోనే తింటుంది, నేల మీద నిలబడలేదు. దారి తప్పితే తప్ప మనవైపు రాదు. అంతకు ముందు ఏడాది రెడ్డిగూడెం మామిడితోటల మీద ఇలాంటిదాన్నే చూశానని చెబితే తోటి టీచర్లు నవ్వారు. అందుకే బెజవాడలో పక్షుల సంగతి తెలిసిన ఒక పెద్దాయనకు ఫోను చేసింది. మర్నాడు వస్తానన్నారు.

మర్నాటికి పక్షి తల వాల్చేసింది. ఏం పెట్టినా మింగలేదు.

"ఆయన వచ్చేదాకా ఉంచమ్మా, నీ మాట నిజమని తేలుతుంది" అన్నాడు నాన్న.

"ఆయనొచ్చేసరికి ఇది బతకదన్నయ్యా" అని అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని డాబా ఎక్కి, దాన్ని గాల్లోకి వదిలింది. రాయిలా కిందికి జారిన పక్షి, నేల తగలబోతుండగా రెక్కలు విప్పి విస్సన్నపేట వైపు దూసుకుపోయింది.

మధ్యాహ్నం స్కూలుకు వచ్చిన ఆ పెద్దాయన మర్యాదగానే అడిగారు, ఇంకెవరు చూశారని. అత్తయ్య నన్ను పిలిపించింది.

"మీ అత్తయ్య చెప్పమన్నది కాదమ్మా, నువ్వు చూసింది చెప్పు" అన్నారు హెడ్మాస్టరు. టీచర్లు ముసిముసిగా నవ్వుతున్నారు. ఆ నవ్వు నా మీదికి మళ్లుతుందని భయమేసింది.

"మామూలు పిట్టేనండి" అనేశాను.

పెద్దాయన ఏమీ రాసుకోకుండానే పుస్తకం మూసేశారు.

స్కూలు నుంచి వచ్చాక అత్తయ్య ఇంటి మెట్ల దగ్గర ఆగి, "నన్ను నమ్మకపోతే నాకేం కాదే. కళ్లారా చూసినదాన్ని చూడలేదనడం అలవాటైతే నీకే కష్టం" అంది. సాయంత్రం ఎప్పటిలాగే నాకు జడ వేసింది. తిట్టినా బాగుండేది.

పెద్దయ్యాక జరిగింది జరిగినట్టు ఆ బెజవాడ పెద్దాయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అప్పటికి అత్తయ్య కూడా లేదు.

ఎక్కడైనా, ఎవరైనా "నువ్వు చూశావా?" అని అడిగితే ఈ వయసులోనూ ముందు ఆ టీచర్ల నవ్వే వినిపిస్తుంది. అయినా, చూశాననే చెబుతాను.