నిండు కూజా

మా బందరు కాలేజీ ఆయమ్మ గత మంగళవారం పెడనలో, మనవరాలి ఇంట్లో కన్నుమూసింది. పూర్వవిద్యార్థుల సంతాపసభలో మీలో ఒకరు, "ఆయమ్మ మనకి మంచినీళ్లిచ్చేది" అన్నారు. కాస్త సరిచేస్తాను. ఇవ్వడం ఎవరైనా ఇస్తారు. ఆవిడ మా చేత తాగించింది. ఆ తేడా వల్లే నేను బి.ఎస్సీ. పూర్తిచేశాను.

అరవైల మొదట్లో సంగతి. ఆడపిల్లలం తొమ్మిదిమందిమి. మా విశ్రాంతి గదిలో ఇసుక మీద మట్టికూజా, దాని మీద ఇత్తడి గ్లాసు ఉండేవి. మరుగుదొడ్డి మాత్రం మగపిల్లల వైపే. గూడూరులో పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేదాకా నేను చుక్క నీరు ముట్టేదాన్ని కాదు. ఓర్చుకోలేని రోజున అందరం ఒకటే సెలవుచీటీ రాసేవాళ్లం: తలనొప్పి. ఆడవాళ్ల తలలకి లెక్కలు పడవని లెక్కల మాస్టారు తేల్చేశారు. నొప్పి తలకి కాదని చెప్పే ధైర్యం మాకు లేదు; ఊహించే తెలివి ఆయనకి లేదు.

మూత్రంలో మంట, జ్వరంతో నేను రెండోసారి మంచమెక్కాక నాన్న, "చదివింది చాల్లే, మానేయ్" అన్నారు. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేద్దామని వెళ్తే, సాయంత్రం ఆయమ్మ మా విశ్రాంతి గది గుమ్మంలో ఆపింది.

"జబ్బేంటమ్మా?"

"తలనొప్పి."

"ఆ తల ఎక్కడుందో నాకు తెలుసులే."

ఒక చంకన కూజా, రెండో చేత్తో నా చెయ్యి. తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి నడిచి, కూజాని ఆయన బల్ల మీదే పెట్టింది.

"ఏమిటిది?"

"పొద్దున పోసిన నీళ్లండీ. తొమ్మిదిమంది పిల్లలు, ఇంత ఎండ. గ్లాసుడు తగ్గలేదు."

"అంటే దాహం లేదన్నమాట."

"దాహం ఉందండీ. దొడ్డే లేదు."

నేను సిగ్గుతో గోడగడియారం వంక చూశాను. ఆయనా అటే చూశారు.

ఆ రాత్రే నాన్నకి ఉన్నమాట చెప్పాను, తలనొప్పి అనకుండా. మర్నాడు ఆయనే నాతో బస్సు దాకా వచ్చారు.

వారంలో మా గది వెనక దొడ్డికి తాటాకు దడి లేచింది. తర్వాత గోడ, తలుపు. గడియకి మాత్రం ఏడాది పట్టింది. అన్నాళ్లూ ఆవిడే తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆదివారాలు కలంకారీ అద్దకానికి వెళ్లే మనిషి. గోళ్ల ఎరుపు ఎప్పుడూ వదిలేది కాదు. ఆ చేత్తోనే గ్లాసు అందిస్తూ, "తాగవే, గడియకి బదులు నేనున్నాగా" అనేది. సాయంత్రం కూజా ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటే నవ్వుకుంటూ బోర్లించి వెళ్లేది.

కాలేజీలో ఆవిడ ఫొటోకి దండ తీసుకెళ్తామంటున్నారు. తీసుకెళ్లండి. దారిలో ఒక గడియ, నాలుగు స్క్రూలు కూడా కొనండి. ఆడపిల్లల గదిలో ఇప్పుడు కూజా బదులు ప్లాస్టిక్ క్యాన్ ఉందట. సాయంత్రం నాలుగింటికి ఎత్తి చూడండి. బరువుగా ఉంటే, దండ పక్కన పెట్టి ముందు ఆ దొడ్డి తలుపు దగ్గరికి వెళ్లండి.