నాదే తప్పు, మొదట్నించీ!

మామయ్య పళ్ళ డాక్టరు. సగంలోంచి సర్దుకుపోవడం ఆయనకి పుట్టుకతోనే చేతకాదు. ఏ పనిలోనైనా చిన్న పొరపాటు దొర్లిందా, "ఆగండాగండి, నాదే తప్పు! మొదట్నించీ!" అని కేకేసేవాడు. చొక్కాకి ఒక్క బొత్తాం తప్పితే అన్నీ ఊడదీసి మళ్ళీ కాలరు దగ్గర మొదలెట్టేవాడు. జోకు చెబుతూ ఒక ముక్క మరిచిపోతే, అప్పటికే నవ్వుతున్నవాళ్ళని నవ్వాపమని మరీ మొదటికొచ్చేవాడు.

"ఏదో ఒకరోజు మన పెళ్ళి కూడా మొదట్నించీ అంటారేమోనని నా భయం," అనేది అత్తయ్య.

అలాంటి మహానుభావుడి చేతికి బేస్ గిటారు ఇచ్చిన ఘనత మేనకోడలిది. ఏం చేస్తుంది పాపం! తను గిటారు వాయిస్తూ పాడుతుంది, క్లినిక్ కింద షెడ్డులో ఉండే బైకు మెకానిక్ డ్రమ్స్ కొడతాడు. ఉన్న ఒక్క బేస్ కుర్రాడూ ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే కాఫీ షాపువాళ్ళు, "నెలాఖరు శనివారం వచ్చి ఒక్క పంక్ రాక్ పాట వాయించండి, బాగుంటే ప్రతి వారం మీదే," అన్నారు.

"కాలేజీలో స్టేజీ మీద పాట మధ్యలో నోరు పెగల్లేదు, ఏడుస్తూ దిగొచ్చేశాను. ఈసారీ అలాగే అయితే గిటారు అటకెక్కించేస్తాను మామయ్యా. ఇంక జన్మలో ముట్టుకోను," అంది.

"బేస్ నేను వాయిస్తా! తీగలు నాలుగే కదా!" అన్నాడు మామయ్య.

"సంగీతం కూడా రానక్కర్లేదులే. ఇదిగో, దీన్ని ట్యాబ్ అంటారు. నాలుగు గీతలంటే నాలుగు తీగలు. గీత మీద ఏ అంకె ఉంటే ఆ తీగని అన్నో మెట్టు దగ్గర నొక్కడమే."

"ఓస్, ఇంతేనా!" అని మామయ్య ఆ కాగితాన్ని ఎక్స్‌రేలా వెలుతురుకెత్తి చూశాడు.

ఇక క్లినిక్‌లో మొదలైంది తమాషా. ఒక చేత్తో డ్రిల్లు, నోట్లో ట్యాబు. "సున్నా సున్నా మూడు, సున్నా సున్నా ఐదు..." కుర్చీలో ఉన్నాయన గుండె జారిపోయింది.

"డాక్టరుగారూ, అయిదు పళ్ళు తీసేస్తారాండీ?"

"అబ్బే, అది పల్లవండీ. నోరు తెరవండి."

ఆయన బెదిరిపోయి తల లాక్కున్నాడు. మామయ్య వెంటనే, "నాదే తప్పు! మొదట్నించీ!" అని కుర్చీ పైకి లేపి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా మళ్ళీ వాల్చాడు. ఈసారి ఆయన బుద్ధిగా నోరు తెరిచాడు.

వారం తిరిగేసరికి పాటంతా కంఠతా పట్టేసి షెడ్డుకొచ్చాడు మామయ్య. కళ్ళు మూసుకుని వాయించాడు. మెకానిక్ చేతిలో డ్రమ్ కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"డాక్టరుగారూ, ఇది మన పాటేనా?"

"అంకె పొల్లుపోలేదు!"

మేనకోడలు ఆయన వేళ్ళకేసి చూసి తల పట్టుకుంది. ట్యాబ్‌లో అడుగున ఉండే గీత లావు తీగది. గిటారు పట్టుకుని తల వంచి చూస్తే మాత్రం లావు తీగ పైనుంటుంది. మామయ్య పై గీతని పై తీగ మీద వాయించాడు.

"పాటంతా తలకిందులుగా నేర్చుకున్నావు మామయ్యా!"

"అయ్యయ్యో! రోజూ పేషెంటు కుడిపక్క నాకు ఎడమపక్కే కదా, ఆ మాత్రం తెలియద్దూ నాకు! నాదే తప్పు! మొదట్నించీ!"

అక్కణ్ణుంచి రెండు నిమిషాల పాటకి సాయంత్రాలు సాయంత్రాలే సరిపోయేవి కావు. రెండో చరణం వచ్చిందా, "ఆగండాగండి!"

"తప్పొచ్చినా తోసుకుపోవడమే పంక్ రాకంటే! స్టేజీ మీద ఆపావంటే ఊరుకోను," అంది మేనకోడలు.

"ఒట్టు, ఆపను."

ఆ శనివారం కాఫీ షాపు కిటకిటలాడింది. ముందు వరసంతా మామయ్య పేషెంట్లే, ఒకాయనకి బుగ్గ ఇంకా వాచే ఉంది. మొదటి చరణం దుమ్ము రేగిపోయింది. రెండో చరణం వచ్చింది. డ్రమ్సూ బేసూ ఆగిపోయాయి. ఇక్కడ ఆమె ఒక్కతే పాడాలి. నోరు తెరిచింది, మాట రాలేదు. అటకా, గిటారూ కళ్ళ ముందు కనిపించాయి.

"ఆగండాగండి! నాదే తప్పు! మొదట్నించీ!"

కాఫీ షాపు దద్దరిల్లింది. ముందు వరసలో వాళ్ళకి ఆ కేక కొత్తా? వాళ్ళూ నవ్వుతూ "మొదట్నించీ!" అని అందుకున్నారు. ఎంత ఆపుకున్నా మేనకోడలికీ నవ్వొచ్చేసింది, ఆ నవ్వుతోపాటే గొంతూ వచ్చేసింది. ఈసారి రెండో చరణం ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళిందో ఆమెకే తెలియలేదు.

"వచ్చే శనివారం రండి. ఆ 'మొదట్నించీ' కూడా ఉండాలి సుమా," అన్నాడు షాపు యజమాని.

సామాన్లు సర్దుతూ ఆమె అడిగింది. "మామయ్యా, నువ్వు తప్పు ఎక్కడ వాయించావు?"

"రెండో చరణంలో."

"అక్కడ నీకు వాయించేదేం లేదు. చేతులు కట్టుకుని నిలబడటమే."

మెకానిక్ కిసుక్కున నవ్వాడు. షెడ్డులో కూడా మామయ్య ఆపిందల్లా అక్కడే, పాడుతూ తన గొంతు వణికినప్పుడల్లానే అని ఆమెకి అప్పుడు వెలిగింది. ఎంత మంచివాడివి మామయ్యా అనుకుంది.

మామయ్య గిటారు తీగలు తుడవసాగాడు. "అదేనే... చేతులు కట్టుకోవడంలోనే తప్పొచ్చింది. కుడిచెయ్యి కిందుండాలి, పైన పెట్టాను."

"అలాగా! అయితే మొదట్నించీ కట్టుకో, చూస్తాను," అంది.

మామయ్య గిటారు కింద పెట్టి, చొక్కా సర్దుకుని, ఎంతో శ్రద్ధగా మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.